గరికను గుర్తించడం, పచ్చికగా పెంచడం, చేలోకి రాకుండా ఆపడం ఎలా

ఇంటి ముందు నాలుగు గజాల పచ్చిక కావాలనుకునేవారు నర్సరీకి వెళ్లి చదరపు అడుగుల లెక్కన గడ్డి కొని తెచ్చుకుంటున్నారు. అదే వీధి చివర, ఎవరూ నీళ్లు పోయని రోడ్డు వారన గరిక పచ్చగా పాకి ఉంటుంది. ఊరి బయట మెట్ట చేలో ఆ గరికనే తీసి తీసి రైతు విసిగిపోతుంటాడు. పెంచాలన్నా, తీసెయ్యాలన్నా ముందు తెలుసుకోవలసింది ఒకటే: ఈ గడ్డి ఏ భాగంతో బతుకుతుంది, ఏ భాగంతో పాకుతుంది. అది తెలిస్తే పచ్చిక పెంచడానికి పెద్దగా ఖర్చు అక్కర్లేదు. తెలియకపోతే కలుపు తీయడానికి పెట్టిన ఖర్చంతా కలుపును పెంచడానికే పోతుంది.

గరిక శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. పాశ్చాత్య దేశాల్లో బెర్ముడా గడ్డి అంటారు. మన క్రికెట్ మైదానాల్లో పరిచి ఉండేది చాలావరకు ఈ జాతే. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మం కూడా ఇదే. కాబట్టి కొత్తగా ఎక్కడినుంచో తెచ్చుకోవలసిన మొక్క కాదు, పక్కనే ఉన్నదాన్ని సరిగ్గా వాడుకోవడమే మిగిలిన పని.

ముందు ఇది గరికేనా అని చూడండి

పాకే గడ్డి అంతా గరిక కాదు. ఒక తీగను పట్టి మెల్లగా ఎత్తండి. నేలకు ఆనుకుని పాకిన కాండం మీద కణుపు కణుపుకీ వేళ్లు దిగి ఉండాలి, ప్రతి కణుపు నుంచి ఒక చిన్న పిలక పైకి లేచి ఉండాలి. కాండం సన్నగా, గట్టిగా ఉంటుంది. ఆకులు కాస్త బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, కొస సన్నబడుతూ ఉంటాయి. కొన్నిచోట్ల ఒకే కణుపు నుంచి రెండు ఆకులు ఎదురెదురుగా వచ్చినట్లు కనిపిస్తుంది. నిజానికి అవి రెండు కణుపులే. మధ్య దూరం చాలా తక్కువ కావడం వల్ల అలా కనబడతాయి.

ఇంకా అనుమానముంటే ఆకును కాండం నుంచి కొంచెం వెనక్కి వంచి, ఆకూ ఆకుతొడుగూ కలిసే చోట చూడండి. అక్కడ సన్నని తెల్లని వెంట్రుకల వరుస ఉంటుంది. కంటికి ఆనకపోతే ఫోను కెమెరాతో పెద్దది చేసి చూడవచ్చు. కంకి వస్తే ఇక సందేహం లేదు: ఒక్క చోటు నుంచే మూడు నుంచి ఏడు వరకు, ఎక్కువగా నాలుగైదు సన్నని పుల్లలు చేతివేళ్లలా విచ్చుకుంటాయి. ఒక్కో పుల్ల మూడు నుంచి ఆరు సెంటీమీటర్ల పొడవు. గింజలు ఆ పుల్లకు ఒకే వైపు, రెండు వరుసల్లో ఉంటాయి.

పొరపాటు పడేది ఎక్కువగా తుంగతో. తుంగ కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి, తవ్వితే నల్లటి గడ్డలు దొరుకుతాయి. గరికకు గడ్డలుండవు. రాగి కంకిలాంటి కంకి వేసే కలుపు గడ్డి కూడా మైదానాల్లో గరికతో కలిసి పెరుగుతుంది. దాని మొదలు అణిగిపోయినట్లు చదునుగా, తెల్లగా ఉంటుంది. అది ఒకే కుదురుగా పెరుగుతుంది, పాకదు. నర్సరీల్లో అమ్మే జోయిసియా రకం గడ్డి పచ్చిక కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ దాని కంకి ఒంటి పుల్ల. ఈ తేడాలు తెలుసుకోకుండా నారు తీస్తే గరికతో పాటు తుంగ గడ్డలు కూడా మీ వాకిట్లోకి వస్తాయి. ఆ తరువాత వాటిని వదిలించుకోవడం గరిక పెంచడం కన్నా చాలా కష్టం.

ఒక అడుగు లోతు తవ్వి చూడండి

ఈ పని చాలామంది చెయ్యరు. చెయ్యండి. గరిక బాగా అల్లుకున్న చోట పారతో జానెడు చతురస్రం కోసి, అడుగు లోతున మట్టితో సహా ఎత్తి, నీళ్లతో కడిగి చూడండి. గరిక గురించి తెలుసుకోవలసిన దానిలో సగం ఆ ముద్దలోనే ఉంది.

పైన పాకే తీగలు మీకు ముందే తెలుసు. వాటి కింద, మట్టిలో ఇంకో రకం కాండాలు కనిపిస్తాయి. తెల్లగా, పొలుసులు కప్పుకుని, మొన తేలి ఉంటాయి. వాటికీ కణుపులుంటాయి. ఇవి వేళ్లు కావు, నేల లోపల పాకే కాండాలు. ఎక్కువభాగం పై జానెడు మట్టిలోనే ఉంటాయి, గుల్ల నేలైతే ఇంకా లోతుకు దిగుతాయి. అసలు వేళ్లు వీటి నుంచి కిందికి, అనుకూలమైన నేలలో మీటరుకు పైగా పోతాయి.

చాలా గడ్డి జాతులకు ఈ రెండింట్లో ఏదో ఒకటే ఉంటుంది, లేదా ఏదీ ఉండదు. వట్టివేరు, నిమ్మగడ్డి కుదుళ్లుగా పెరుగుతాయి. కుదురుకూ కుదురుకూ మధ్య నేల ఖాళీగానే ఉంటుంది. గరికకు పై తీగలూ ఉన్నాయి, లోపలి కాండాలూ ఉన్నాయి. రెండూ ఒకదాన్నొకటి దాటుతూ అల్లుకుని మట్టిని పట్టేస్తాయి. అందుకే దాన్ని పారతో కోసి చాపలా ఎత్తవచ్చు, వేరే చోట పరిస్తే అక్కడ బతుకుతుంది. ఇది బహువార్షికం, అంటే ఏళ్ల తరబడి బతికే మొక్క, కావడానికీ ఇదే కారణం. ఎండాకాలంలో పైన గడ్డంతా ఎండి గోధుమ రంగుకు మారినా లోపలి కాండాల్లో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక వాన పడగానే ఆ నిల్వతోనే మళ్లీ చిగురిస్తుంది. విత్తనం మొలిచేదాకా ఆగవలసిన పని దానికి లేదు.

మరో మూడు లక్షణాలు గుర్తుంచుకోండి. నీడ దీనికి గిట్టదు. జొన్న, మొక్కజొన్న, చెరకు లాగా ఇది కూడా తీవ్రమైన ఎండలో, వేడిలో ఆహారం బాగా తయారుచేసుకునే వర్గానికి చెందిన మొక్క. ఉష్ణోగ్రత 24 నుంచి 37 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చురుకుగా పాకుతుంది, 15 డిగ్రీల కన్నా తగ్గితే దాదాపు ఆగిపోతుంది. అందుకే కోస్తాలో చలికాలంలోనూ పచ్చగా కనిపించే గరిక ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో వెలవెలబోతుంది. మూడోది, ఉప్పును ఓర్చుకుంటుంది. చౌడు నేలలో, సముద్రతీరపు ఇసుక పర్రల్లో వేరే పచ్చిక గడ్డి నిలవని చోట ఇది నిలుస్తుంది. కొన్నాళ్లు నీట మునిగినా తేరుకుంటుంది.

చోటు, అదును

రోజుకు కనీసం ఆరేడు గంటలు నేరుగా ఎండ పడని చోట గరిక వేయకండి. మామిడి చెట్టు కింద, రెండంతస్తుల మేడకు ఉత్తరపు వైపు ఇరుకు సందులో ఎంత నీరు పెట్టినా, ఎంత ఎరువు వేసినా పలుచబడి, పొడవుగా సాగి, చివరికి పోతుంది. అలాంటి చోట నీడను తట్టుకునే వేరే మొక్కలు పెట్టుకోవడమే మంచిది.

అదును తొలకరి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం దాకా నాటితే వేడి, తేమ రెండూ కలిసొస్తాయి. వానాకాలమంతా దానికి పాకడానికి దొరుకుతుంది. నీటి వసతి ఉంటే ఫిబ్రవరి చివర నుంచి కూడా నాటవచ్చు. నవంబరు, డిసెంబరులో నాటితే వేరు పట్టడానికే నెలలు పడుతుంది, ఈలోగా కలుపు ముందుకొస్తుంది.

నేల తయారీ

మే నెలలోనే జానెడు లోతు తవ్వి, పెళ్లలను అలాగే ఎండకు వదిలేయండి. రెండు మూడు వారాలు ఎండాక పెళ్లలు పగలగొట్టి, రాళ్లు, తుంగ గడ్డలు, పాత వేళ్లు ఏరెయ్యండి. బాగా మాగిన పశువుల ఎరువు చదరపు మీటరుకు రెండు మూడు కిలోలు కలపండి. మాగని ఎరువు వేస్తే అందులోని కలుపు గింజలన్నీ మొలుస్తాయి. ఇంటి గోడ వైపు నుంచి బయటికి మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఉండేలా చదును చేయండి. నీరు నిలిచే గుంట ఒక్కటి మిగిలినా అక్కడ గరిక కన్నా ముందు తుంగే వస్తుంది.

చదును చేశాక వెంటనే నాటకండి. ఒకసారి బాగా తడిపి వారం పది రోజులు ఆగండి. మొలిచిన కలుపును పైపైన చెక్కి తీసేసి, అప్పుడు నాటండి. ఈ పది రోజుల ఓపిక తరువాత నెలల తరబడి కలుపు తీసే పనిని తగ్గిస్తుంది.

నాటడానికి దారులు

అన్నిటికన్నా నమ్మకమైనది పిలకలు నాటడం. ఎండ బాగా పడే చోట, పురుగుమందులు, కలుపుమందులు కొట్టని చోట పెరిగిన ఆరోగ్యమైన గరికను ఎంచుకోండి. పొట్టిగా, దగ్గర కణుపులతో ఉన్నది మంచి పచ్చిక అవుతుంది. నీడలో సాగిన పొడుగు కణుపులది పనికిరాదు. తవ్వి, మట్టి దులిపి, మూడు నాలుగు కణుపులున్న ముక్కలుగా విడదీయండి. తడి గోనెసంచిలో చుట్టి నీడలో ఉంచండి. ఎండలో అరగంట పడి ఉంటే వేళ్లు ఎండిపోతాయి. అందుకే ఎంత నాటగలరో అంతే తవ్వండి, తవ్విన రోజే నాటండి.

జానెడుకన్నా తక్కువ దూరంలో, సుమారు 15 సెంటీమీటర్లకు ఒక సాలు చొప్పున తీసి, సాలులో 10 నుంచి 15 సెంటీమీటర్లకు ఒక ముక్క పెట్టండి. రెండు కణుపులు మట్టిలో ఉండాలి, కొస పైన ఉండాలి. మట్టి కప్పి కాలితో గట్టిగా అదమండి. వేరుకూ మట్టికీ మధ్య గాలి మిగిలితే ఆ ముక్క బతకదు. ఒక చదరపు మీటరు దట్టమైన గరికను విడదీస్తే పది చదరపు మీటర్ల దాకా నాటడానికి సరిపోతుంది.

పెద్ద స్థలమైతే మన తోటమాలులు చేసే పేడ పూత పద్ధతి సులువు. గరికను రెండు అంగుళాల ముక్కలుగా తరగండి. రెండు గంపల ముక్కలకు ఒక గంప తోట మట్టి, ఒక గంప పచ్చి పేడ, ఒక పార బూడిద కలిపి, నీళ్లు పోసి చిక్కటి ముద్దలా చేయండి. తడిపిన నేల మీద అంగుళం మందాన సమంగా పరిచి, పూలకుండీల బొక్కెనతోనో, సన్నటి జల్లు వచ్చే గొట్టంతోనో నీళ్లు చల్లండి. మరునాడు పైన పలుచగా మట్టి చల్లి అణచండి. పేడ తడిని నిలుపుతుంది, ముక్కల్ని కదలనివ్వదు. ఖర్చు దాదాపు లేని పద్ధతి ఇది. ఇంత మంచి పద్ధతిని కొత్తగా తోటలు పెట్టేవారు మరిచిపోతుండటం నాకు బాధ కలిగిస్తుంది.

వెంటనే పచ్చగా కనిపించాలంటే మట్టితో సహా చాపలా కోసిన గరిక పెళ్లలు పరచడమే దారి. విత్తనంతోనూ వేయవచ్చు: చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాములు, అంటే సెంటు నేలకు 200 నుంచి 400 గ్రాములు. గరిక గింజ చాలా చిన్నది, కిలోకు సుమారు నలభై లక్షలు ఉంటాయి. పొడి ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. దంతెతో పైపైన గీకితే చాలు, అర సెంటీమీటరు కన్నా లోతుకు పోకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్రీడా మైదానాల్లో వాడే టిఫ్‌వే 419 వంటి సంకర రకాలకు విత్తనం ఉండదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ పరిశోధనలతో 1960లో విడుదలైన ఆ రకం మామూలు గరికకూ, ఆఫ్రికాకు చెందిన మరో సైనోడాన్ జాతికీ పుట్టిన సంకరం. అది గొడ్డు మొక్క, గింజ కట్టదు. దాని పేరు చెప్పి విత్తనం అమ్మజూపితే కొనకండి. ఆ రకం కావాలంటే పిలకలో పెళ్లలో తెచ్చుకోవాలి. పైగా అది తరచూ కోత, ఎరువు, నీరు కోరుతుంది. ఇంటి వాకిలికి, బడి ఆవరణకు ఊరి గరికే చాలు.

గట్టు మీద, కట్ట మీద

గరిక చేసే మేలు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మట్టి కట్టల మీదే. వాన చినుకు వేగంగా వచ్చి వట్టి మట్టిని తాకినప్పుడు రేణువులు చెదిరి, నీటితో కలిసి జారిపోతాయి. గరిక కప్పిన వాలు మీద చినుకు ఆకును తాకి ఆగుతుంది. పారే నీటిని పై తీగలు నెమ్మదింపజేస్తాయి, లోపలి కాండాలు మట్టిని విడవవు. చెరువు కట్ట బయటి వాలుకు పచ్చిక వేయించడం ఇంజినీర్ల పాత ఆనవాయితీ. పొలం గట్లకూ, నీటి కుంటల గట్లకూ అదే పని మీరూ చేసుకోవచ్చు.

వాలు మీద పిలకలు నాటితే మొదటి గట్టి వానకే కొట్టుకుపోతాయి. పెళ్లలే పరచాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, మూడు అంగుళాల వరకు మందం ఉండేలా కోయండి. కట్ట మట్టిని పైపైన గీకి తడపండి. కింది నుంచి పైకి పరుస్తూ రండి. ఇటుకలు పేర్చినట్లు ఒక వరుస అతుకు మీదికి పై వరుస పెళ్ల మధ్యభాగం రావాలి. అతుకులన్నీ ఒకే గీతలో ఉంటే నీరు ఆ గీత వెంటే కాలువ తీస్తుంది. ప్రతి పెళ్లకూ రెండు వెదురు మేకులు దిగ్గొట్టండి. సందుల్లో మెత్తటి మట్టి నింపి, చెక్కతో తట్టి, తడపండి.

పెళ్లలు ఎక్కడినుంచి తీస్తున్నారో కూడా ముఖ్యం. అదే కట్ట అడుగు భాగం నుంచి తీయకండి, ఒకచోటు బలం తీసి మరోచోట పెట్టినట్లవుతుంది. వేరే మిట్ట నుంచి తీసేటప్పుడు కూడా మొత్తం గీకేయకుండా మధ్యమధ్య పట్టీలు వదలండి. వదిలిన పట్టీల నుంచి గరిక తిరిగి కప్పుకుంటుంది. కొత్తగా పరిచిన కట్ట మీదికి రెండు మూడు నెలలు పశువులను, ముఖ్యంగా మేకలను రానివ్వకండి.

కట్ట మీద చెట్లు పెరగనివ్వవద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన దారిలో నీరు చొచ్చుకుపోతుంది. గరిక వేరుతో ఆ భయం లేదు. గరికను కూడా మోకాలెత్తు పెరగనివ్వకుండా కోస్తూ ఉండాలి. పొట్టిగా ఉన్నప్పుడే పగుళ్లు, ఎలుక బొరియలు, నీరు ఊరే తడి మచ్చలు కంటికి కనబడతాయి. కోసినది పశువులకు మంచి మేత.

మొదటి మూడు నెలలు, ఆ తరువాత

నాటిన మొదటి రెండు మూడు వారాలు పై అంగుళం మట్టి ఆరకూడదు. వాన లేని రోజు ఉదయం, సాయంత్రం జల్లుగా నీళ్లు పెట్టండి. కొత్త తీగలు సాగడం మొదలయ్యాక పద్ధతి మార్చండి: తక్కువ సార్లు, ఎక్కువ నీరు. రోజూ పైపైన తడిపితే వేళ్లు పైనే ఉండిపోతాయి. అలా పెరిగిన గరిక ఏప్రిల్ ఎండకు తట్టుకోదు. కుదురుకున్న పచ్చికకు ఎండాకాలంలో వారానికి అంగుళం నీరు చాలు. సెంటు నేలకు అది సుమారు వెయ్యి లీటర్లు. ఒకటి రెండు తడుల్లో ఇవ్వండి. నీటి కొరత ఉన్న ఏడు అది కూడా ఇవ్వలేకపోతే కంగారు పడకండి. గరిక రంగు మారి నిద్రపోతుంది, తొలకరికి లేస్తుంది. తాగే నీటికే ఇబ్బంది ఉన్న ఊళ్లో పచ్చికకు నీరు పోయడం సబబు కాదని నా గట్టి అభిప్రాయం.

కొత్త పిలకలు మూడు నాలుగు అంగుళాలు లేచాక మొదటి కోత కోయండి. కోత వల్ల పైకి వెళ్లే బలం పక్క తీగలకు మళ్లుతుంది, సందులు త్వరగా మూసుకుంటాయి. తరువాత ఎప్పుడూ అంగుళం నుంచి అంగుళంన్నర ఎత్తు ఉంచండి. ఒక్క కోతలో ఎత్తులో మూడో వంతు మించి తీయవద్దు. నెల రోజులు వదిలేసి ఒక్కసారిగా మొదలంటా కోస్తే ఆకుపచ్చ ఆకు అంతా పోయి ఎండు కాడలు బయటపడతాయి. మళ్లీ చిగురించడానికి లోపలి నిల్వ ఖర్చవుతుంది. వానాకాలంలో వారానికొకసారి, చలికాలంలో నెలకొకసారి కోత సరిపోతుంది. నాటిన పది పన్నెండు వారాలకు నేల కనబడకుండా కప్పుకోవాలి.

ఎరువు గురించి పెద్దగా చెప్పేది లేదు. వాన పడిన రోజుల్లో, నెలకో నెలన్నరకో ఒకసారి సెంటుకు 200 గ్రాముల యూరియా సమంగా చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. నీళ్లు పెట్టకపోతే ఆకు మాడుతుంది. యూరియా వద్దనుకుంటే ఏడాదికి రెండుసార్లు జల్లించిన పశువుల ఎరువు పలుచగా పరచండి.

ఒకటి రెండేళ్లకు పచ్చిక మీద నడిస్తే మెత్తటి పరుపు తొక్కినట్లు అనిపిస్తే లోపల ఎండు కాడలు పేరుకున్నాయని అర్థం. ఆ పొర అర అంగుళం దాటితే నీరు మట్టికి చేరదు. తొలకరికి ముందు దంతెతో గట్టిగా గీకి తీసేయండి. ఇంట్లో తుమ్ములు, ఆయాసం ఉన్నవారుంటే గరికను కంకి వేయనివ్వకండి. దీని పుప్పొడి చాలామందికి పడదు. పుప్పొడి పడనివారికి గడ్డి కోసే పని అప్పగించకండి.

వద్దనుకున్న చోట తీయడం

ఇప్పుడు చేను సంగతి. ఇంతదాకా చెప్పిన గుణాలే ఇక్కడ ఎదురు తిరుగుతాయి. కణుపున్న ప్రతి ముక్కా ఒక మొక్కే కదా. గరిక పట్టిన నేలలో తడి ఉన్నప్పుడు రోటావేటర్ తిప్పితే ఏమవుతుందో ఆలోచించండి. లోపలి కాండాలు వేల ముక్కలై చేనంతా సమంగా చిమ్మబడతాయి. పైగా మెత్తటి తడి మట్టి వాటి మీద కప్పబడుతుంది. పిలకలు నాటే పద్ధతి సరిగ్గా ఇదే. అక్కడక్కడా ఉన్న గరిక మరుసటి పంటకు చేనంతా పరుచుకుంటే దానికి కారణం ఇదే తప్ప విత్తనం కాదు.

తీయవలసిన కాలం నడివేసవి. రబీ పంట తీశాక నేల ఆరి ఉన్నప్పుడు నాగలితో లోతు దుక్కి చేసి, పెద్ద పెళ్లలు తిరగబడేలా చూడండి. పెళ్లలు ముక్కలు కాకూడదు. లోపలి కాండాలు గాలికీ ఎండకూ బయటపడాలి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండ మీకు ఉచితంగా దొరికే పనిముట్టు. రెండు వారాలకొకసారి గొర్రుతో లాగి, పైకి వచ్చిన కాండాలను దంతెతో పోగు చేసి, చేను బయటికి మోయించండి. గట్టు పక్కనే పడేస్తే మొదటి వానకు అక్కడే వేరు పడుతుంది. ఎండిపోయాయని పైకి అనిపించినా, పోగు అడుగున తడి తగిలినవి బతికే ఉంటాయి. చదును నేల మీద పలుచగా పరిచి పూర్తిగా ఎండనివ్వండి.

వానలు పడ్డాక మిగిలినవి మొలుస్తాయి. అప్పుడు ఆ మొలకకు బలం లోపలి నిల్వ నుంచే వస్తోంది. ఆకులు విచ్చుకుని కొత్త ఆహారం కిందికి పంపకముందే తీసేస్తే నిల్వ తరుగుతుంది. రెండు మూడు వారాలకొకసారి, విడవకుండా ఒక వానాకాలమంతా అలా తీస్తే లోపలి కాండం ఖాళీ అయి చస్తుంది. మధ్యలో నెలన్నర వదిలేస్తే మళ్లీ నిండిపోతుంది, మీ శ్రమ మొదటికి వస్తుంది. నీడ గిట్టదన్న గుణాన్నీ వాడుకోండి. జనుము, జీలుగ, అలసంద వంటివి ఒత్తుగా చల్లి నేలను త్వరగా కప్పేయండి. వాటి కింద గరిక పలుచబడుతుంది, నేలకూ బలం.

కూరగాయల మడులు వంటి చిన్న స్థలానికి మరో మార్గం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నేలను బాగా తడిపి, పలుచని పారదర్శక పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. పట్టా కింద వేడికి పై పొరలోని కాండాలు ఉడికిపోతాయి. అంచుల దగ్గర, లోతున ఉన్నవి మిగలవచ్చు. వాటిని తరువాత గునపంతో తవ్వి తీయాలి.

కలుపుమందుల విషయానికొస్తే, పత్తి, మినుము వంటి వెడల్పాకు పంటల్లో క్విజలోఫాప్ ఇథైల్ రకం మందులు గడ్డిజాతి కలుపును అదుపు చేస్తాయి, పంటకు హాని చేయవు. వరి, జొన్న, మొక్కజొన్న కూడా గడ్డిజాతే కాబట్టి వాటిలో అది వాడకూడదు. ముదిరిన గరిక ఒక్క పిచికారీతో పోదు. ఏ మందైనా గరిక పచ్చగా, చురుకుగా పెరుగుతున్నప్పుడు కొడితేనే ఆకు నుంచి లోపలి కాండానికి చేరుతుంది. ఎండకు వాడి ఉన్నప్పుడు కొట్టినది డబ్బు పారబోసుకోవడమే. మోతాదు కోసం డబ్బా మీది సూచనలు చదవండి, మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి. దుకాణదారు చెప్పిన అంచనా మీద ఆధారపడకండి.

హద్దు గీయడం

పచ్చిక పక్కనే పూల మడి ఉంటే రెండింటి మధ్య అడ్డు తప్పదు. ఇటుకలు నేల మీద పేరిస్తే సరిపోదు, పై తీగ వాటి మీదుగా, లోపలి కాండం వాటి కిందుగా దాటుతుంది. అడుగు లోతు సన్నని కందకం తీసి, గట్టి ప్లాస్టిక్ రేకునో నాపరాతి పలకలనో నిలువుగా దింపండి. రెండు అంగుళాలు నేల పైకి ఉండనివ్వండి. పైనుంచి దాటే తీగలను పదిహేను రోజులకొకసారి అంచు వెంట కత్తిరించండి. కొత్తగా పెట్టిన మామిడి, జామ, కొబ్బరి మొక్కల చుట్టూ మీటరు వరకు గరిక లేకుండా చూడండి. చిన్న మొక్కకు అందవలసిన నీరు, నత్రజని అది ముందే లాగేసుకుంటుంది.

వరి పొలం గట్టు మీద ఈ హద్దు పారతోనే గీయాలి. ఏటా నారుమడి పని మొదలయ్యేటప్పుడు గట్టు లోపలి పక్క చెక్కండి, పై భాగం, బయటి పక్క వదిలేయండి. మొత్తం గట్టును గీకి నున్నగా చేస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ మొదటి గట్టి వానకు గండి పడేది అలాంటి గట్టుకే. చెక్కిన పెళ్లలను చేలోకి తొయ్యకండి. దమ్ము చేసి నీరు నిలిపే పొలంలో కొంత కుళ్లిపోతుంది గానీ, నేరుగా విత్తే వరిలో, ఆరుతడి పంటలో ప్రతి పెళ్లా వేరు పడుతుంది. బుట్టలో ఎత్తి, పచ్చిక పలుచబడిన వేరే గట్టు మీద పరచండి, లేదా కడిగి పశువులకు వేయండి. చవితి రోజుల్లో పూజకు కావలసినది కూడా మందు కొట్టని గట్టు నుంచే కోసుకోండి, లేత కొసలను మాత్రమే గిల్లి. మొదలు కదపకపోతే వారంలో మళ్లీ చిగురు వస్తుంది.